పెరటితోట: రోహిణి మొదలు ఆర్ద్ర వరకు

మే నెల 25వ తేదీ ప్రాంతమున సూర్యుడు రోహిణీ నక్షత్రమున బ్రవేశించును. అది మొదలు జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిరకార్తె వచ్చువరకు గల పదునాలుగు దినములును మన పెరటితోటలకు సంవత్సరము మొత్తములో కఠినమైన పరీక్ష. రోహిణిలో రోళ్ళు పగులునని పెద్దలన్న మాట రోళ్ళ విషయమున నెంతవరకు నిజమో గాని, కుండీలోనున్న మొక్క వేళ్ళ విషయమున ముమ్మాటికిని నిజము. ఈ దినములలో సోదరీమణులు తోటయెడ రెండు విధములుగ బ్రవర్తించుట మేము చూచుచున్నాము. కొందరు “వానలు పడిన తరువాత జూచుకొందము” అని తోటవైపు తొంగిచూచుటయే మానివేయుదురు. మరికొందరు ప్రతి సాయంకాలమును గొట్టము చేతబట్టి పెరడంతయు పైపైన దడిపి, తడిమట్టి వాసనకు సంతసించి లోనికి బోవుదురు. మొదటివారి తోట యెండిపోవును. రెండవవారి తోటయు నించుమించుగ నెండియే పోవును. నీరు మాత్రము ఖర్చగును. నడివేసవిలో తోటపని యనగా క్రొత్తవానిని బెంచుట గాక యున్నవానిని నిలుపుకొనుట యని మేము తలంతుము. అన్నిటిని నిలుపుట యెవరికిని సాధ్యము గాదు. వేనిని నిలుపవలయునో ముందుగ నెంచుకొనుటయే యీ నెల పనులలో మొదటిది.

కొంచెము లెక్క చూతము. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన నది సరిగా ఒక లీటరు నీరగును. మన ప్రాంతమున నడివేసవి యెండకును వడగాడ్పునకును పచ్చని మొక్కలతో నిండిన నేలనుండి దినమునకు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరియై పోవును. అనగా పది చదరపు మీటర్ల కూరమడికి దినమొక్కింటికి అరువది డెబ్బది లీటర్ల నీరు కావలయును. పండ్రెండు లీటర్ల బిందెలతో మోసినచో అయిదారు బిందెలు. ఇది యొక్క మడి సంగతి. మల్లెపొద, నిమ్మ, అరటి, కరివేప, కుండీలు వేఱు. ఈ నీరు మోయువారెవరో మేము చెప్ప నక్కరలేదు. బావి యడుగంటి, కుళాయి దినము విడిచి దినము వచ్చుచు, వీధికి ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలతో బరుగెత్తవలసిన యూళ్ళలో తోటకు బోసిన ప్రతి బిందెయు నింటిలో మరియొక పనికి తగ్గిన బిందెయే. తోట బ్రదుకుట యెంత ముఖ్యమో, దానికొరకు ఇల్లాలి నడుము విరుగకుండుటయు నంత ముఖ్యమని మా యభిప్రాయము.

కాళిదాసుని శాకుంతలములో ప్రథమాంకము గ్రీష్మర్తువు ఆరంభమున జరుగును. ఆ యంకము చదివినవారు శకుంతల సౌకుమార్యమును, తుమ్మెద వృత్తాంతమును జ్ఞాపక ముంచుకొందురు. తోటపని చేయువారు జ్ఞాపక ముంచుకొనదగిన విషయము లందు వేఱే రెండు కలవు. నీరు పోయ వచ్చుచున్న యాశ్రమకన్యల చేతులలోని కుండలు వారివారి పరిమాణమునకు దగినట్టివని దుష్యంతుడు గమనించును. వారు పోయ వచ్చినది బాలపాదపములకు, అనగా లేతమొక్కలకు. కవి యీ రెండుమాటలను శృంగారమునకు బీఠికగ వ్రాసియుండవచ్చును గాని, వేసవి తోటపనికి వానిని మించిన సూత్రము లేదు. పదియేండ్ల పిల్లచేత నిండుబిందె మోయింపక చిన్న చెంబిచ్చి రెండు కుండీల పని యప్పగింపుడు. నీరు కొద్దిగ నున్నప్పుడు పెద్దచెట్లను విడిచి లేతమొక్కలకు బోయుడు.

గడచిన యేడాదిలోపల నాటిన ప్రతి చెట్టుమొక్కయు మొదటి వరుసలోనిది. దాని వేళ్ళింకను జానెడు మూరెడు లోతుననే యున్నవి. ఈ రెండువారములు తప్పినచో దానికై పడిన యేడాది శ్రమయు వ్యర్థము. రెండవ వరుసలో పూతమీదనున్న మల్లె, కాయలతోనున్న నిమ్మ, కరివేప. తోటకూర, బచ్చలి, గోంగూర యింటికి బ్రతిదినము కూర నిచ్చునవి గనుక చిన్నమడిలో దగ్గరదగ్గరగ నుంచి కాపాడుకొనవలయును. వేప, చింత, మునగ, కోత ముగిసిన ముదురుమామిడి, వీనికి బిందెలతో బోసిన నీరు వాని దాహమునకు బొత్తిగ జాలదు, వానికది యక్కరయు లేదు. వాని వేళ్ళు మన కంటికందని లోతున దమ నీరు దాము వెదకుకొనుచున్నవి.

ఇక బెరికివేయవలసినవి. మాఘమునుండి కాచి యలసిపోయిన టమాట, ఆకు ముడుతపడిన మిరప, ఈనెలు పసుపెక్కిన బెండ, ఇవి యెంత నీరు పోసినను మరల గోలుకొనవు. “ఇంకను నాలుగు కాయ లున్నవిగదా” యని పలువురు జాలిపడుదురు. ఆ నాలుగు కాయలకు దినమొక బిందె చొప్పున రెండువారములు పోసిన నీటిని గుణించి చూచుకొనుడు. అంతకంటె గొప్ప నష్టము మరియొకటి కలదు. పసుపు ఈనెల తెగులు తెల్లదోమవలన వ్యాపించును. ముదురు బెండచెట్టు ఆ తెల్లదోమకు వేసవి విడిదివంటిది. వానకాలమున మీరు విత్తిన క్రొత్త బెండకు తెగు లచటనుండియే పోవును. కావున జాలిమాని బెరికి, తెగులు తగిలిన యాకులను ఎరువుగుంటలో వేయక వేఱుగ బారవేయుడు.

నీరు పోయు విధమును గూర్చి మేము కొంచెము విస్తరించి వ్రాయుట యవసరము. పైపైన చిలుకరించిన నీరు అంగుళము లోతునకైన దిగదు. తెల్లవారి పదిగంటల కది మాయమగును. దానివలన వేళ్ళు నీటికొరకు పైకే వచ్చి, పైమట్టి కాగినప్పుడు మొదట మాడునవి యవియే యగును. దినదినము చెంబెడు పోయుటకంటె మూడుదినముల కొకసారి బిందెడు పోయుట మేలు. కుండీలకు మాత్ర మీ నియమము వర్తింపదు. వానికి బ్రతిదినమును కావలయును. చెట్టుమొక్కకు పాదు చేయునపుడు మొదటిని జేర్చి చేయక, కొమ్మల చివరలు నేలమీద ఎచట నీడ వేయునో అచట గుండ్రముగ గాలువ తీయవలయును. నీరు త్రాగు వేళ్ళు ఆ చివరలనే యుండును. నిమ్మ, నారింజజాతి చెట్లకు నీరు కాండమును దాకుచు నిలిచినచో బెరడు కుళ్ళి జిగురు కారును గనుక, మొదలుచుట్టును మట్టి యెగదోసి, దానికావల పాదు చేయుట మరియు నవసరము.

వేళను గూర్చి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, క్రొత్తగ నాటిన చెట్లకు గ్రీష్మమున ఉదయ సాయంకాలములు రెండింటను, చలికాలమున దినము విడిచి దినమును, వర్షర్తువున నేల యెండినప్పుడును నీరు పోయవలయునని చెప్పెను. పదునాలుగు వందల యేండ్ల క్రిందటి యీ నియమమును క్రొత్తగ నాటిన మొక్కలకు నేటికిని బాటింపవచ్చును. రెండుపూటల నీరు లేని వారు తెల్లవారుజామున నైనను, పొద్దుక్రుంకిన తరువాత నైనను ఒక్కపూట పోయుడు. మధ్యాహ్నము వలదు. ఆకుపై నీటిబొట్టు భూతద్దమై మాడ్చునని కొందరు చెప్పుదురు గాని, అసలు భయము నీటి వేడివలన. ఎండలో బడియున్న గొట్టములోని నీటిని, మిద్దెమీది తొట్టినీటిని మధ్యాహ్నవేళ చేతబట్టి చూడుడు. మీ చేయి సహింపని వేడిని లేతవేరు సహించునా? సాయంకాలము గొట్టము విప్పినను, మొదట వచ్చు వేడినీటిని బకెట్టులో బట్టి చల్లారనిచ్చి, తరువాతనే మొక్కకు బెట్టవలయును.

మధ్యాహ్నము మూడుగంటలకు ఆకులు వాల్చిన మొక్కను జూచి కంగారుపడి నీరు పోయు వారు చాలమంది కలరు. గుమ్మడి, దోస, వంగ మొదలగు వెడల్పాటి యాకుల మొక్కలు వేళ్ళకు నీరున్నను ఆ వేళకు వాడును. సాయంకాలమున దామే లేచును. తెల్లవారి యారుగంటలకు గూడ ఆకు వాలియున్నదా, అపుడది నిజమైన దాహము. సందేహమైనచో మట్టిలో రెండు కణుపులవరకు వ్రేలు గ్రుచ్చి చూడుడు. వ్రేలికి చల్లదనము తగిలిన నాడు నీరు పోయ నక్కరలేదు.

తక్కువ నీటితో పాదులను బ్రదికించుటకు మట్టికుండను మించిన సాధనము లేదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమునాటి చీనాదేశపు వ్యవసాయగ్రంథకర్త ఫాన్ షెంగ్ జీ దీనిని దోసజాతి పాదులకు జెప్పెను. నూనెగాని మసిగాని తగులని క్రొత్త మట్టికుండను, అయిదారు లీటర్లు పట్టుదానిని, మెడవరకు నేలలో బాతి, నీరు నింపి, మూత వేయవలయును. చుట్టును మూడు నాలుగు పాదులు పెట్టవచ్చును. మట్టి పొడియైనప్పుడు కుండగోడల సూక్ష్మరంధ్రములగుండ నీటిని దానే పీల్చుకొనును, తడిగనున్నప్పుడు పీల్చదు. ఎంత కావలయునో అంతయే. మూడు నాలుగు దినముల కొకసారి నింపిన జాలును గనుక పెండ్లిండ్లకు, పుట్టిండ్లకు బోవు వేసవిదినములలో నిది మిక్కిలి యుపకరించును. వంటకు వాడి విడిచిన పాతకుండ యిందుకు బనికిరాదు. జిడ్డు పట్టి రంధ్రములు మూసికొనియుండును. ఉప్పునీటి యూళ్ళలో రెండు మూడేండ్లకు తెల్లని పొర పట్టి ఊట తగ్గును. అపుడు కుండ మార్చుకొనవలయును.

పోసిన నీరు పోకుండ నేలను గప్పుట దీనికి జతపని. రాలిన వేపాకు, కానుగాకు, వరిగడ్డి, కొబ్బరిపీచు, ఏది యందిన నది, మూడు నాలుగు అంగుళముల మందమున పాదంతయు బరువవలయును. కాండముచుట్టు బెత్తెడు ఖాళీ విడువక తప్పదు. ఎండుగడ్డి కాండమును దాకియున్నచో చెదలు దానిమీదుగ బెరడునకు నడచివచ్చును. ఈ యాకుతుక్కు గుట్టలను ఇంటిగోడకు జేర్చి మాత్ర ముంచరాదు. వేసవి వేడికి పాములును తేళ్ళును చల్లని తావు వెదకుకొనుచు వచ్చును. చీకటిలో చెప్పులు లేకుండ పాదులలో నడువవలదు, పిల్లలను నడువనీయవలదు.

ఇంటిలో వాడిన నీటిలో దేనిని తోటకు బోయవచ్చునని పలువురు సోదరీమణులు అడుగుచుందురు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు నిస్సంశయముగ బోయవచ్చును. ఉప్పువేసి యుడికించిన నీరు, ఊరగాయ జాడీలు కడిగిన నీరు కూడదు. బట్టల సబ్బునీరు, అంట్లు తోమిన నీరు కూరమడికిని కుండీలకును వలదు; చివరి జాడింపునీటిని అరటికి మార్చి మార్చి పోయవచ్చును. ఇప్పుడు పెక్కిండ్ల గోడలకు నీటిని శుద్ధిచేయు యంత్రములు వ్రేలాడుచున్నవి. ఆ యంత్రము మనకిచ్చు మంచినీటికంటె గొట్టముద్వారా విడిచిపెట్టు నీరు తరచుగ నెక్కువ. దానిని పారబోయుటకు మనసొప్పదు, నిజమే. కాని మన త్రాగునీటినుండి తీసిన ఉప్పులన్నియు నందే యున్నవి. ఇల్లు తుడుచుటకు, మరుగుదొడ్డికి వాడుట యుత్తమము. తోటకు బోయదలచిన వారు సగము మామూలు నీరు కలిపి, నేలలోని పెద్దమొక్కలకు మాత్రమే, అప్పుడప్పుడు పోయుడు. కుండీలకు బోసినచో కొలదినెలలకు మట్టిపై తెల్లని పొక్కు తేలి, ఆకుల యంచులు మాడుట చూతురు.

ఇక తులసి. ఎండ కాగు సిమెంటు కోటలో, గట్టిగ మూరెడైనను లేని మట్టిలో నామెను నిలిపి, ప్రొద్దుట పూజవేళ చెంబెడు నీరు పోసి ప్రదక్షిణము చేసి వచ్చెదము. తక్కిన దినమంతయు కోటగోడలు నాలుగువైపులనుండి యామెను గాల్చుచుండును. రోహిణిలో తులసి యెండుట అపశకున మని యింటిల్లిపాది దిగులుపడుటకంటె సాయంకాలము దీపము పెట్టునపుడు మరియొక చెంబు పోయుట మేలు. మధ్యాహ్నపు టెండకు పడమటివైపున తడిక నిలుపుడు. ముదిరిన వెన్నులను గిల్లివేసినచో బలము గింజకు బోక చిగురునకు వచ్చును. గిల్లినవానిని బారవేయక యెండబెట్టి దాచినచో వాన పడగానే చల్లుటకు విత్తన మగును. గిల్లుటకు మీ యింటి యాచారమున నిషిద్ధము గాని దినము జూచుకొనుడు.

మిద్దెలమీద, వసారాలలో కుండీలతోనే తోట సాగించువారు వానినన్నిటిని తూరుపువైపు నీడకు జేర్చి, ఒకదాని నొకటి తాకునట్లు గుంపుగ నుంపుడు. ఒకదాని నీడ యొకదానికి, ఒకదాని తేమ యొకదానికి దక్కును. క్రింది పళ్ళెములలో నీరు నిలువయుంచుట వేసవిలో నుపకారమే గాని, డెంగూ జ్వరమును దెచ్చు దోమకు గ్రుడ్డునుండి రెక్కలు వచ్చుటకు వారము పదిదినములు చాలును. వారమున కొకసారి పళ్ళెములను బోర్లించి, పీచుతో రుద్ది కడుగవలయును. రుద్దకున్నచో గ్రుడ్లు నెలలతరబడి పొడిగనే యంటియుండి తొలివానకు ప్రాణము పోసికొనును. ఇండ్లలో పసిపిల్లలున్న తల్లు లీ పనిని రేపటికి వాయిదా వేయవలదు.

మల్లెల కిది నిండుకాలము. ఎండ యెంత ముదిరిన మల్లె యంత విరగబూయును; కాని నీరు తప్పినచో మొగ్గలు సన్నబడి, పూర్తిగ విచ్చకయే రాలును. కొన్ని మొగ్గలు ఊదారంగు తిరిగి వంకరపోవుట గమనించియుందురు. లోపల చిన్నపురుగు తొలుచుచున్నదని దానికర్థము. అట్టి మొగ్గలను ప్రతిసాయంకాలము పూలు కోయునపుడే వేఱుగ నేరి వేడినీటిలో వేయవలయును. నేలపై బడవేసినచో పురుగు మట్టిలో దాగి మరల వచ్చును. పూత తగ్గిన తరువాత ఎండుపుల్లలు తీసివేయుటకంటె నెక్కువగ కత్తిరింపవలదు. పెద్దకత్తిరింపు మార్గశిర పుష్యములలో. అంటు త్రొక్కుటకు మాత్రము ఆర్ద్ర వానలు మంచి యదను. కాలివ్రేలంత దూరమున నున్న తీగెనైన గణుపువద్ద కొంచెము గీరి మట్టిలో వంచి బరువుంచిన, శ్రావణము దాటునప్పటికి పొరుగింటికి పంపదగిన మొక్క యగును.

ఈ వేడిలో నేమొక్కకును ఎరువు పెట్టకుడు. దప్పిగొన్న మొక్కకు ఎరువు విషమువంటిది. సురపాలుని వృక్షాయుర్వేద మను సంస్కృతగ్రంథమును ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయపు వ్రాతప్రతినుండి గ్రహించి ఆంగ్లానువాదముతో 1996లో మన సికింద్రాబాదులోనే ప్రకటించిరి. అందులో మాంసము మొదలగువానిని క్రుళ్ళబెట్టి చేయు కుణపజలమును జూచి యిటీవల పలువురు ద్రవపు టెరువులపై నాసక్తి చూపుచున్నారు. ఆసక్తి మంచిదే, కాని వాన పడి నేల తడిసిన తరువాతనే యట్టి ప్రయోగములు. ఆ కంపు మాట వేఱు.

పంట లేని మడులకు రోహిణి యెండ శత్రువు కాదు, కూలి యడుగని కూలివాడు. పారతో జానెడు లోతున దిరుగవేసి పెళ్ళలను అట్లే విడువుడు. మట్టిలో దాగిన పురుగుల కోశములు బయటపడి యెండకును కాకులకును ఆహుతి యగును. తుంగగడ్డలు తడిలో నెన్ని ముక్కలు చేసినను మొలుచును. ఈ యెండలో పైకి దెచ్చి విడిచిన నెండి చచ్చును. తెగుళ్ళు తరచుగ వచ్చు నారుమడిని ఒకసారి తడిపి, పలుచని తెల్లని ప్లాస్టిక్ పట్టాను గాలి చొరకుండ గప్పి, అంచులకు మట్టి వేసి, నాలుగు మొదలు ఆరు వారము లుంచిన, లోపలి వేడికి తెగులు బీజములును కలుపు గింజలును చాలవరకు నశించును. నల్లపట్టా కంటె తెల్లపట్టాయే మట్టిని లోతుగ వేడిచేయును.

జ్యేష్ఠమున వేపపండ్లు రాలుట మొదలిడును. వానిని ఊడ్చి పారవేయు ఇల్లాండ్రను జూచిన మాకు ప్రాణము విలవిలలాడును. పండ్లను పిసికి, గుజ్జు కడిగి, గింజలను నీడలో నారబెట్టి గుడ్డసంచిలో గట్టి గాలి తగులు చోట వ్రేలాడదీయుడు. వానకాలమున పేను, ఆకుతినుపురుగు కనబడినపుడు పప్పును దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానవేసి, మరునాడు గుడ్డలో వడగట్టి, రవంత సబ్బు కలిపి, సాయంకాలము చల్లవలయును. ఎండకు దాని గుణము చెడును గనుక సాయంకాల మనుట. వేపనూనెను శిలీంధ్రనాశినిగ వాడు పద్ధతికి 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయ మొక అమెరికా సంస్థకును ఆ దేశపు వ్యవసాయశాఖకును హక్కు లిచ్చెను. ఇది భారతదేశమున వెనుకటినుండి తెలిసిన సంగతియే యని వాదింపగా 2000లో ఆ హక్కు రద్దయ్యెను; 2005లో అప్పీలును గొట్టివేసిరి. పెరటిచెట్టు వైద్యమునకు బనికిరా దనుకొనువారి కీ కథ చెప్పుడు. వేప మేలుచేయునని పసిపిల్లలకు నూనె త్రాగించుట మాత్రము ప్రమాదకరము.

కరివేపపండ్లును ఇప్పుడే నల్లబడును. వాని గింజలు నిలువయుండవు. పండు రాలిన వారముననే మట్టిలో బడవలయును. మామిడిటెంకయు నట్టిదే. అయితే మన బంగినపల్లి టెంకనుండి మొలిచిన చెట్టు బంగినపల్లి కాయలనే కాచు నను నమ్మకము లేదు. ఒక్కొక్క టెంకలో నొక్క పిండమే యుండి, అది తల్లి దండ్రుల గుణములు రెండును గలిసినదై పుట్టును. కావుననే అంటుమొక్క కొనుట. దానికి గుంట యిప్పుడే త్రవ్వించి, మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పున, రెండు మూడు వారము లెండకు విడిచియుంచుడు. చెట్టుకు చెట్టుకు ఇరువది హస్తముల యెడము ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమము అని వరాహమిహిరుడు. అనగా ముప్పది, ఇరువదినాలుగు, పదునెనిమిది అడుగులు. నేటి పెరడులలో అధమమైనను దొరకుట కష్టము గనుక, ఒక్క మామిడితో దృప్తిపడి, మిగిలిన చోట నిమ్మ, జామ పెట్టుకొనుడు.

అద్దెయింటిలో నున్నవారు చెట్టు నాటవలయునా యని యొక సోదరి వ్రాసిరి. బడిపంతుళ్ళ యిండ్లలో నీ ప్రశ్న వేసవి సెలవులు వచ్చినప్పు డెల్లను పుట్టును. బదిలీ యుత్తరువు లా దినములలోనే వచ్చును. మేము విడిచివచ్చిన యిండ్లలో కరివేపచెట్లు నాలుగు కలవు, వాని యాకు నిపుడెవరో పోపులో వేసికొనుచున్నారు. ఇపుడున్న యింటిలోని నిమ్మ మేము నాటినది కాదు. లెక్క సరిపోయినట్లే. కుండీలను మాత్రము వెంట దీసికొనిపోవుడు. బండిలో నెక్కించుటకు రెండుదినములు ముందు నీరు తగ్గించిన బరువు తగ్గును, మట్టిగడ్డ విడిపోదు.

నైరృతి ఋతుపవనము సాధారణముగ జూన్ 1వ తేదీ ప్రాంతమున కేరళమును దాకి, తరువాతి రెండువారములలో రాయలసీమ, కోస్తా, తెలంగాణములకు వ్యాపించును. అంతకు ముందే యొక సాయంకాలము ఈదురుగాలితో నురుముతో నొక జల్లు కురియును. దానిని నమ్మి విత్తులు పెట్టినవారు ప్రతియేట మోసపోవుచునే యున్నారు. పైమట్టి తడిసి గింజ మొలకెత్తును. లోపలి మట్టి పొడిగనే యుండి, మరునాటి యెండకు మొలక మాడును. ఎవరి విత్తనము వారు దాచుకొన్నదైన నష్టము రెట్టింపు, మరల దొరకదు. పారతో నొకచోట త్రవ్వి, జానెడు లోతున మట్టి ముద్దకట్టుచున్నచో విత్తుడు. లేనిచో పంచాంగమున కార్తె మారినను ఆగుడు.

ఆ తొలిజల్లునకు ముందే మిద్దెను ఊడ్చి, తూములలోని యాకులు తీసి, ఇంకుడుగుంత పైపొరలోని మట్టిని దోడించి యుంచవలయును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఒక్క సెంటీమీటరు వాన పడిన వేయి లీటర్లు. వేసవియంతయు బిందెలతో మోసిన వారికి వేయి లీటర్లనగా నేమో తెలియును.

నిజమైన వాన పడిన తరువాత మొదట నేలలో బెట్టవలసినవి పసుపు, అల్లము, చేమ, కంద. దుగ్గిరాల, నిజామాబాదు ప్రాంతముల రైతులవలె ఎకరములు పెట్ట నక్కరలేదు. గట్టుప్రక్కన పది పసుపుకొమ్ములు రెండంగుళముల లోతున నాటి ఆకులు గప్పిన, మాఘమునాటికి ఇంటికి జాలినంత పచ్చిపసుపు. పిమ్మట బీర, కాకర, పొట్ల, ఆనప పాదులు. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది గనుక రాత్రి నానవేయవలయును. పందిరి గుంజలను విత్తుటకు ముందే పాతుడు, తీగె సాగిన తరువాత పాతిన వేళ్ళు తెగును. వంగనారు మృగశిరలోనే పోసికొనవచ్చును. చిక్కుడునకు తొందర వలదు. అది పగలు కుఱచలైన తరువాతనే పూయునట్టి జాతి. ఇప్పుడే విత్తిన పందిరినిండ ఆకు పెరుగుట తప్ప లాభము లేదు. ఆషాఢమున విత్తినను కార్తికమునకే కాయ. బంతిగింజలు విత్తిన రెండున్నర నెలలకు పూయును. బతుకమ్మ భాద్రపద బహుళ అమావాస్యనాడు మొదలగును గనుక ఆషాఢ పూర్ణిమకు నారు పోసికొన్న సోదరీమణులు పూలు కొన నక్కరలేకయే బతుకమ్మను బేర్చుకొందురు. దసరా గుమ్మములకు మరికొన్ని మిగులును. గింజ యిపుడు లేనివారు పోయినయేటి యెండుదండలను పొరుగిండ్ల నడిగి చూడుడు, ఏ వాసమునకో యింకను వ్రేలాడుచుండును.